శనివారం పావు తిప్పు

నాకు పై పళ్ళు ముందొచ్చాయి. మా వైపు ఈ ఒక్క మాట చెబితే చాలు, వినేవాళ్ళు వెంటనే నా మేనమామ సంగతి అడుగుతారు. పసిపిల్లకి కింద పళ్ళు ముందు రావాలి. పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండం. ఇది ఎవరు కనిపెట్టారో నాకు తెలీదు గానీ, వాళ్ళకి మేనకోడళ్ళు ఉండి ఉండరు.

మా అమ్మమ్మ దేముడమ్మకి ఒక్కడే కొడుకు, మా వరహాలు మావయ్య. నేను పుట్టేనాటికి మావయ్యకి పదిహేనేళ్ళు. ఏడో నెలలో నా పై చిగురు మీద రెండు తెల్లటి గింజలు కనబడగానే అమ్మమ్మ అతని చేత కొబ్బరికాయ కొట్టించి, పళ్ళెంలో నూనె పోసి అందులో నా నీడ చూపించి, ఆ తరవాతే నన్ను ఎత్తుకోనిచ్చిందట. నూనెలో గండమేమీ కనబడలేదనీ, పళ్ళికిలించిన కోతిపిల్ల ఒకటి కనబడిందనీ మావయ్య బతికినన్నాళ్ళూ చెప్పేవాడు. బతికినన్నాళ్ళూ అంటే ఎంతని, ఇరవై ఏడేళ్ళు.

మల్కాపురంలో పెంకుటింట్లో అందరం కలిసే ఉండేవాళ్ళం. మా నాన్న గూడ్సు బండి గార్డు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. నా చదువూ, నా జ్వరాలూ, నా అల్లరీ అన్నీ మావయ్య మీదే పడ్డాయి. నా పాలపళ్ళు ఊడినప్పుడల్లా ఒక్కో పన్నునీ పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరింది కూడా అతనే.

కొత్త పళ్ళు ఎత్తుగా వచ్చాయి. ఎనిమిదేళ్ళ దాకా బొటనవేలు చప్పరించాను, దాని ఫలితం. బళ్ళో నన్ను గౌరీశ్వరి అని పిలిచేవాళ్ళు తక్కువ, కొబ్బరికోరాం అనేవాళ్ళు ఎక్కువ. నాకు కోపం ముక్కు మీదుండేది. ఒకరోజు తాతబాబు అనేవాణ్ణి పుస్తకాల సంచితో మొహం మీద కొట్టాను. మావయ్యని బడికి పిలిపించారు. నా చేత వాడికి సారీ చెప్పించి, తిరిగొస్తూ దారిలో ఆగి, నా గడ్డం పట్టుకుని మొహం వెలుగువైపు తిప్పి చాలాసేపు చూశాడు. షిప్‌యార్డులో ఫిట్టరు కదా, ఏదైనా వంకరగా కనబడితే అతని చేతులు ఊరుకునేవి కావు.

ఆ నెలలోనే నన్ను పూర్ణా మార్కెట్ దగ్గర మేడ మీద డాక్టర్ కృపాకర్ గారి దగ్గరికి తీసుకెళ్ళాడు. అది డెబ్భై నాలుగో సంవత్సరం. ఆయన మద్రాసులో చదివొచ్చారు. బల్ల మీద ప్లాస్టరుతో పోసిన పళ్ళ అచ్చులు వరసగా ఉండేవి. ఏడేళ్ళప్పుడే తెచ్చుంటే వేలు మాన్పిస్తే చాలా మటుకు సరిపోయేదన్నారు. ఇప్పుడు పదకొండు గనక ఇంకా మించిపోలేదు, దవడ ఎముక లేతగానే ఉంది, ప్లేటు పెట్టి మెల్లగా చోటు చేస్తే పళ్ళు లోపలికి సర్దుకుంటాయన్నారు. పెద్దయ్యాక అయితే పళ్ళకి తీగలు కట్టాలి, ఒకటో రెండో పళ్ళు తీయాలి, దానికి మద్రాసు వెళ్ళాలి. మావయ్య అన్నీ విని, ప్లేటు ఎలా పనిచేస్తుందో తనకి విప్పి చూపించమన్నాడు.

అంగిట్లో అతుక్కునే గులాబీ రంగు ప్లేటు, ముందు పళ్ళ మీదుగా ఒక తీగ, మధ్యలో చిన్న మర. మర పక్కన బాణం గుర్తు. అగ్గిపుల్లంత తీగ తాళంతో, బాణం చూపించిన వైపుకి, వారానికి ఒక్క పావు తిప్పు. ఎక్కువ తిప్పితే నొప్పి, మానేస్తే పని ఆగిపోతుంది. తొడంత బోల్టులు బిగించే మా మావయ్య ఆ తాళాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, నాలిక పళ్ళ మధ్య కొరికిపెట్టుకుని, డాక్టరు గారి ముందే తిప్పి చూపించాడు. నా కింద పనిచేస్తావా అని ఆయన నవ్వారు.

అప్పట్నించీ శనివారం సాయంత్రం మా ఇంట్లో ఒక పండగ. మావయ్య డ్యూటీ దిగొచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, అరుగు మీద కూచునేవాడు. నేను ప్లేటు కడిగి అతని అరచేతిలో పెట్టేదాన్ని. బాణం గుర్తు మీద గోరు ఆనించి చూసుకుని, ఒక్క పావు తిప్పి, 'పట్టింది' అనేవాడు. పెట్టుకోగానే పళ్ళన్నీ బిగుసుకుపోయేవి. రెండు రోజులు నొప్పి. ఆ నొప్పి నాకు ఇష్టంగా ఉండేది, ఎందుకంటే పని జరుగుతోందని దానివల్లే తెలిసేది.

ప్లేటు వల్ల ఒక చిక్కొచ్చింది. నాకు 'చ' పలికేది కాదు, 'స' అయిపోయేది. బళ్ళో తెలుగు మేష్టారు పది రోజులు చెవి మెలిపెట్టారు. ఇంట్లో మాత్రం ఎవరికీ తేడా తెలియలేదు, అందరూ ఎలాగూ అలాగే మాట్లాడతారు. మావయ్య అది కనిపెట్టి పడీపడీ నవ్వాడు.

"బడికెళ్ళి పాడైపోనావనుకున్నానే గౌరీ. ఇప్పుడు మళ్ళీ మన మనిషివి అయిపోనావు" అన్నాడు.

ఎనిమిది నెలలకి తేడా కనబడింది. పెదవులు కష్టపడకుండా కలుసుకోవడం మొదలుపెట్టాయి. అద్దం ముందు నిలబడి నోరు మూసుకోవడం ఇంత సుఖంగా ఉంటుందా అని నేను ఆశ్చర్యపోయాను. మావయ్య నన్ను పక్కకి తిప్పి, ఒక కన్ను మూసి, ఇనప చట్టాన్ని చూసినట్టు చూసి, ఇంకా రెండు నూళ్ళు, అంటే పావంగుళం తేడా ఉందనేవాడు.

తొమ్మిదో నెలలో అతని కళ్ళు పచ్చబడ్డాయి.

కామెర్లే కదా అనుకున్నాం. ఆకు పసరు పోశారు, పథ్యం పెట్టారు. మూడు వారాలైనా తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే లివరు బాగా చెడిందన్నారు. మందులు రాసిచ్చి, తినగలిగింది పెట్టమని ఇంటికి పంపేశారు. ఆ మాటకి అర్థం నాకు అప్పుడు తెలియలేదు. అమ్మమ్మకి తెలిసింది.

నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మమ్మ వంటింటి గడప మీద కూచుని అమ్మతో మాట్లాడుతోంది. నన్ను చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"పై పళ్ళు ముందొచ్చిన పిల్ల. నూని సూపించి, కాయ కొట్టించి గండాన్ని నిద్దరపుచ్చినాను. ఆ పళ్ళని మరలెట్టి కదిపినారు. నిద్దరోతన్నదాన్ని లేపినారు. ఇప్పుడది నా కొడుకుని తింతంది."

అమ్మ ఏడ్చింది గానీ కాదనలేదు. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైపోయినట్టనిపించింది. పన్నెండేళ్ళ పిల్లకి అంతకంటే అర్థమయ్యేది ఇంకేముంటుంది. శనివారం తిప్పిన ప్రతి పావు తిప్పూ నాకు గుర్తొచ్చింది. మావయ్య తన చేత్తోనే తన మీదికి తిప్పుకున్నాడు, అదీ నా కోసం.

మర్నాడు శనివారం. బడి ఎగ్గొట్టి, సిటీ బస్సెక్కి పూర్ణా మార్కెట్ దగ్గర దిగాను. డాక్టరు గారు నా వెనక మావయ్య కోసం చూశారు. నేను కుర్చీ ఎక్కి నోరు తెరిచి, పై పళ్ళన్నీ పీకేయమన్నాను. ఆయన అద్దం కింద పెట్టి ఎందుకని అడిగారు. చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచున్నారు.

"ముందొచ్చిన పళ్ళు పాలపళ్ళు కదమ్మా. అవి ఊడిపోయి ఎన్నాళ్ళైంది? వాటిని ఎవరు విసిరారు?"

"మావయ్యే. ఇంటి మీదికి."

"మరి ఇంకేం? అవి నీ నోట్లో లేవు. ఇవి వేరే పళ్ళు. వీటికీ మీ మావయ్యకీ ఏ తగాదా లేదు."

అంత సులువైన సంగతి ఎవరికీ తోచలేదే అనుకున్నాను. ఇంటికొచ్చి తిన్నగా మావయ్య మంచం దగ్గరికి పరిగెత్తి చెప్పాను. అతని మొహం అప్పటికి పసుపు రాసినట్టుంది. విని నవ్వాడు. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. ఈరోజు శనివారం కదా, ప్లేటు తెమ్మన్నాడు. కడిగి తెచ్చాను. తాళం తలగడ కిందే ఉంది. చేతులు వణుకుతుంటే మోచెయ్యి మంచం పట్టెకి ఆనించుకుని తిప్పాడు. 'పట్టింది' అన్నాడు.

పట్టలేదు. పెట్టుకోగానే వదులుగా తగిలింది. మర్నాడు నొప్పి రాలేదు. అప్పుడు ప్లేటు తీసి బాణం గుర్తు చూసుకున్నాను. మావయ్య వెనక్కి తిప్పాడు.

అతనికి చెప్పలేదు. అతని పనిలో తప్పుందని ఎవరైనా చెప్పడం నేనెప్పుడూ వినలేదు, మొదటిసారి నా నోటి నుంచి వినకూడదనుకున్నాను. ఆ గురువారం పొద్దున్న పోయాడు.

పదిహేనో రోజున అమ్మ ప్లేటు తీసేసి డబ్బాలో పెట్టేసింది. తాళం కనబడలేదు. ఎవరూ వెతకలేదు. అమ్మమ్మ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. నా మొహం చూడటం మానేసింది. అన్నం పెట్టేది, జడ వేసేది, వెనక నుంచే. నేను మాట్లాడితే గోడ వైపు తిరిగేది. డాక్టరు గారు చెప్పింది ఆవిడకి చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను, ఆ నోరు చూడగానే ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఇక మానేశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకున్నాను. ఎదిగాక ఉద్యోగం కూడా అలాంటిదే వెతుక్కున్నాను, టెలిఫోను ఎక్స్చేంజిలో ఆపరేటరు. ట్రంకు కాల్ కోసం అరిచేవాళ్ళకి నా గొంతే తప్ప పళ్ళు కనబడవు. ఇన్ని జరుగుతున్నా నాకు కావలసింది ఒక్కటే. అమ్మమ్మ ఒకసారి నా మొహం చూసి, నీ వల్ల కాదే అనాలి. పదకొండేళ్ళు అదే కావాలనుకున్నాను.

ఎనభై ఆరులో దవడ పన్ను నొప్పి పెడితే మళ్ళీ ఆ మేడ ఎక్కాను. కృపాకర్ గారి జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టారు. నొప్పి సంగతి చూశాక ముందు పళ్ళు చూసి నిట్టూర్చారు. ప్లేటు ఆపేస్తే పళ్ళు ఊరుకోవనీ, పాత చోటికి నడిచి వెళ్ళిపోతాయనీ, నావి పూర్తిగా వెళ్ళిపోయాయనీ చెప్పారు. ఆ తొమ్మిది నెలల పని ఏమైనా మిగిలిందా అని అడిగాను. ఏమీ మిగల్లేదమ్మా అన్నారు. ఇరవై మూడేళ్ళకి ఎముక గట్టిపడుతుంది, ఇక ప్లేటు పనిచేయదు, తీగలు కట్టాలి, ఇప్పుడు మద్రాసు వెళ్ళక్కర్లేదు, ఇక్కడే కడుతున్నాను, రెండేళ్ళు పడుతుంది, పెద్దవాళ్ళు కూడా వస్తున్నారన్నారు. సరే అన్నాను. మెట్లు దిగుతూ ఏడ్చాను. మావయ్య ఈ లోకంలో చేసిన పనుల్లో నా దగ్గరున్నది అదొక్కటే, అదీ లేదని అప్పుడే తెలిసింది.

రాగానే అమ్మతో వంటింట్లో చెప్పాను, తీగలు కట్టించుకుంటున్నానని. ఏమీ మిగల్లేదన్న మాట మాత్రం చెప్పలేకపోయాను. వసారాలో మంచం మీదున్న అమ్మమ్మ విన్నట్టుంది. ఆవిడకి అప్పటికే లేవడం కష్టంగా ఉంది. పేరు పెట్టి పిలిచింది. దగ్గరికెళ్ళి, అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. వక్కాకు సంచి విప్పి, అడుగు నుంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. అగ్గిపుల్లంత తీగ. మావయ్య తాళం.

"నాకు తెలుసే" అంది. "పై పళ్ళూ నేదు, కింద పళ్ళూ నేదు. ఆడి లివరు పోనాది. నాకప్పుడే తెలుసు."

"అప్పుడే తెలిస్తే మరి ఎందుకమ్మమ్మా?"

"ఎవుర్నో ఒకర్ని అనకపోతే నాను బతకనేకపోదును. నువ్వు దగ్గిరున్నావు."

నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. పదకొండేళ్ళుగా నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి ఎత్తి ఏదైనా విరగ్గొట్టాలన్నంత కోపం. నీ బతుకు కోసం నా మొహం తీసేసుకున్నావా అని అడగాలనుకున్నాను. అడిగేలోపు ఆవిడ చెయ్యి చాచి, నా చేతిని నోటి మీంచి మెల్లగా పక్కకి లాగేసింది.

"నోరు తెరు. సూడనీ."

వంగాను. ఆవిడ కళ్ళకి పొర కమ్మింది, ఎంత కనబడుతుందో తెలీదు. చూపుడు వేలు నా పళ్ళ మీద ఆనించి ఒక్కొక్కటే తడిమింది.

"ఆడు సరిసేసింది ఏది?" అంది.

ఏదీ లేదు. కృపాకర్ గారి మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆవిడ వేలు పట్టుకుని, ముందున్న ఎత్తుపళ్ళలో ఎడమవైపు దాని మీద పెట్టాను.

"ఇదమ్మమ్మా" అన్నాను.

అమ్మమ్మ ఆ పన్ను మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. నా నడుము నొప్పి పుట్టినా నేను వంగే ఉన్నాను.