ఆసుపత్రి మిట్ట మీద కూర్చునే చోటు

నేను ఒక మురుక్కాలువ మీది మూతను. అంతకుముందు తొమ్మిదేళ్లు మనుషులు కూర్చునే బండను.

బేతంచెర్ల గనిలో కోసి నన్ను ఈ ఊరికి తెచ్చారు. బస్టాండు నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే దారి పెద్ద మిట్ట. అక్కడ కాలిబాట వేయించిన ఇంజనీరు సులోచనమ్మ నాలుగు రోజులు రోగుల వెనకే నడిచింది. వాళ్లు ఆయాసంతో ఆగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టింది. గీతలు ఎక్కువ పడిన చోట, కానుగచెట్టు నీడలో నన్ను వేయించింది.

అప్పుడే గంపతో అటు వచ్చిన కాశింబిని, "ఎంతెత్తు ఉండాలవ్వా?" అని అడిగింది.

"మోకాళ్లు నొయ్యకుండా లేసేంత ఉంటే సాలమ్మా."

అంతే ఎత్తు పెట్టించింది.

కాశింబి ఆసుపత్రి గేటు దగ్గర జొన్నరొట్టెలు అమ్మేది. ఉబ్బసం మనిషి. రోజూ పొద్దున పదింటికి నా మీద కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాకే మిగతా మిట్ట ఎక్కేది.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు. కార్లు ఆగకుండా పోవాలట. మనుషులు ఆగడం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చెట్టు కొట్టేశారు. నన్ను పెకలించి, ఇరవై అడుగుల అవతల కాలువ మీద బోర్లా వేశారు.

మర్నాడు కాశింబి వచ్చి చుట్టూ చూసింది. "ఈడ బండ ఉండె గదప్పా?" అని పండ్ల కొట్టు నాగప్పను అడిగింది.

"తీసేసినారవ్వా. రోడ్డు ఎంత బాగుందో సూడు."

ఆమె నా వైపూ చూసింది. కనిపించింది నా వీపే. గుర్తుపట్టలేదు.

కొన్నాళ్లు నిలబడే ఊపిరి తీసుకుంది. ఏప్రిల్ ఎండలో ఒకరోజు రోడ్డు అంచున కూలబడి, మళ్లీ లేవలేదు. గంపలో రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

ఆ చోట దయ్యం గాలి ఉందన్న మాట అప్పుడే పుట్టింది. సరిగ్గా అక్కడికి రాగానే ఊపిరాడదట, గుండె దడదడలాడుతుందట. సగం మిట్ట ఎక్కితే ఎవరికైనా అంతే అని ఎవరూ అనుకోలేదు. నాగప్ప గుమ్మడికాయ కొట్టాడు, నిమ్మకాయలు కోసి పెట్టాడు. కూర్చోవడానికి ఒక స్టూలు మాత్రం వేయలేదు.

ఇప్పటికీ పదింటికి కాశింబి బరువు నాకు తెలుస్తుంది. పైనుంచి కాదు, కిందనుంచి, మురికినీళ్ల వైపునుంచి. ఆమె కూర్చున్న నా పైముఖం ఇప్పుడు అటే ఉంది.

నిన్న నిండు చూలాలు ఒకామె అక్కడికొచ్చి, నడుం పట్టుకుని ఆగింది.

"ఆడ నిలబడొద్దమ్మా. ముసలామె పట్టుకుంటాది" అన్నాడు నాగప్ప.

ఆమె బెదిరిపోయి, రొప్పుతూనే గబగబా ఎక్కిపోయింది.

బతికున్నన్నాళ్లూ ఎవరొచ్చినా జరిగి చోటిచ్చిన మనిషి కాశింబి. నా అడుగున ఆ బరువు మెల్లగా ఓ పక్కకు జరిగింది.