మూతి తేలిన నేల

మూతలు తీసే రోజు పొద్దున్నే ఆర్చిల్ చేతికర్రతో కాగుల కొట్టులోకి వెళ్లి నేలను తట్టి చూస్తాడు. కఖేతీ సీమలో వైన్ కాగులు నిలువునా నేలలోనే ఉంటాయి, పైన మట్టి కప్పుతారు. చలికాలం పొడుగునా అవి కాస్త కాస్త జరుగుతుంటాయి కనక, ముందు ఎక్కడున్నాయో చూసుకుని తరవాత తవ్వాలి. "మీ పెద్ద కాగు ఎందాకా పోయింది?" అని ఇరుగుపొరుగు అడగడం, "జానెడు. పోయినేడు మూరెడు తిరిగింది ముండ" అని ఆర్చిల్ విసుక్కోవడం ఏటా ఉండేదే. ఆయన తాత కాలంలో ఒకటి పొరుగు దొడ్లో తేలింది. పాతిన కాగును పెకలిస్తే పగులుతుంది. అందుకే మూతి ఎవరి నేలలో తేలితే కాగూ వైనూ వాళ్లవే, ఊరి కట్టుబాటు అది. తాత కళ్లనీళ్లు పెట్టుకుని, పొరుగాయన పోసిన గిన్నెడు తాగి ఇంటికొచ్చాడు.

ఆర్చిల్ అన్న కూతురు నానూలి. చిన్నప్పుడు సన్నగా ఉండేదని ఆమెను ఖాళీ కాగుల్లోకి దింపి, చెర్రీ బెరడు కుంచె ఇచ్చి కడిగించేవారు. లోపల కూచుని పాడితే గొంతు ఎంతో పెద్దగా మోగేది. ఆ సరదాతోనే వైన్ చదువు చదివింది, తెలావి పట్నంలో ఓ పెద్ద వైన్ ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ ఆమె పని వైన్‌ను బాగుచేయడం. తీపి తగ్గితే పంచదార, పులుపు తగ్గితే పులుపు, పొంగకపోతే పొట్లంలో ఈస్టు. ఏ ఏటి వైనైనా ఒకే రుచి రావాలి. బాగానే చేసింది, పై ఉద్యోగమూ ఇచ్చారు. ఓ విందులో ఒకాయన గ్లాసెత్తి, "ఆహా, అచ్చం పోయినేటిలాగే ఉంది!" అని మెచ్చుకున్నాడు. పోయినేడు వడగళ్లకు సగం తోటలు పోయాయి. ఆ మెచ్చుకోలు ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. నెల తిరక్కుండా మూటాముల్లె సర్దుకుని ఊరికొచ్చేసింది.

"ఒక్క కాగు ఇవ్వు బాబాయ్. ఏమీ కలపను. తొక్కలూ గింజలూ అన్నిటితో వేసి, వసంతందాకా వదిలేస్తా" అని అడిగింది.

"ఏమీ చెయ్యకుండా ఉండటానికా అంత చదువు?" ఆర్చిల్ నవ్వాడు. "కడగడం నీది, వైన్ చెయ్యడం తమాజ్‌ది. మన కొట్టుకి ఆడది యజమాని కావడం ఎక్కడన్నా విన్నావా?" అని కుంచె చేతిలో పెట్టాడు.

తమాజ్ ఆయన కొడుకు. మంచివాడే గానీ తొందర మనిషి. ఆ ఏడు పంపకాల్లో కొట్టు అతనికి వెళ్లింది. కొట్టు గోడకు ఇవతల కోళ్ల పాకా, తన నాన్న పెట్టిన నాలుగు సాళ్ల ద్రాక్షా నానూలికి మిగిలాయి.

కోతలప్పుడు ఆ ద్రాక్షంతా పెద్ద కాగులో పోసి, దాంట్లో ఈస్టు పొట్లం వెయ్యొద్దని తమాజ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. "సరేలే అక్కా, పాడైతే నా మీదికి రాకు" అన్నాడు అతను. పైకి తేలే తొక్కల్ని పొద్దునా సాయంత్రం ఆమె కర్రతో లోపలికి నొక్కేది, నొక్కుతూ చిన్నప్పుడు కాగులో కూచుని పాడిన పాటే పాడేది. పొంగు అణిగి తొక్కలు దిగాక మూత పెట్టి, బంకమట్టి మెత్తి, మీద అరచెయ్యి అద్దింది.

చలి ముదిరాక తమాజ్ కబురు తెచ్చాడు. "కాగు నా నేలలోది కదా, పెద్దదాంట్లోది తెలావి ఫ్యాక్టరీకి అమ్మడానికి ఒప్పుకున్నానక్కా. మూతలు తీసే రోజు ట్యాంకరొస్తుంది."

"వాళ్లకా? వాళ్లు దాన్ని బాగుచేస్తార్రా!"

"బాగుచేస్తే మంచిదేగా?"

నానూలి ఇన్నేళ్లూ మిగతావాళ్ల వైన్‌కు చేసిందే ఇప్పుడు తన వైన్‌కు జరగబోతోంది. ఆ శీతాకాలమంతా దుఃఖం వచ్చినప్పుడల్లా కోళ్ల పాకలో కూచుని ఆ పాటే కూనిరాగం తీసింది.

మూతలు తీసే రోజు వచ్చింది, ట్యాంకరూ వచ్చింది. ఆర్చిల్ కర్ర ఎక్కడ తట్టినా ఉత్త మట్టి చప్పుడే. మిగతావన్నీ దొరికాయి, పెద్దది లేదు.

"కడిగేటప్పుడు దాని చెవిలో ఏం ఊదావక్కా?" తమాజ్ దెప్పాడు. గోడ మీంచి చూస్తున్న పొరుగువాళ్లు నవ్వారు.

నానూలి కోళ్లకు గింజలు వెయ్యడానికి వెళ్లింది. కోళ్లన్నీ అలిగినట్టు దూలమెక్కి కూచున్నాయి. కింద నేల ఉబ్బి ఉంది. కాలితో గడ్డి పక్కకు తోస్తే బంకమట్టి, దాని మీద తన అరచెయ్యి.

"బాబాయ్!" అని కేకేసింది.

ఆర్చిల్ వచ్చి పాక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"ట్యాంకర్ని వెనక్కి పంపించు" అన్నాడు కొడుకుతో.

"కాగు మనది నాన్నా!"

"నిన్నటిదాకా. మా తాత ఏడ్చాడు గానీ ఎదురు మాట్లాడలేదు. నేనూ అంతే."

నానూలి మట్టి ఒలిచి మూత తీసింది. సొరబుర్ర గరిటె ముంచితే తేనె రంగు వైన్ వచ్చింది. ఆర్చిల్ గుమ్మం దాటలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, రెండు చేతులా గిన్నె చాపాడు.

"యజమానురాలా, దారినపోయేవాడికి ఓ గుక్క దొరుకుతుందా?"

ఆమె గిన్నె నిండా పోసింది. ఆయన తాగి, కాసేపు నాలిక కదిపి చూసుకుని, మళ్లీ తాగాడు.

"ఇది పోయినేటిలా లేదమ్మా" అన్నాడు. "ఏ ఏటిలానూ లేదు."

నానూలి గరిటె పట్టుకునే కాగు పక్కన కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది.