వేరుపెట్టుకున్న కంచం

యలమంద మొండివాడని ఊళ్ళో అందరికీ తెలుసు. అయితే ఆ మొండితనం ఇన్నాళ్ళూ చేను దగ్గరా, రచ్చబండ కబుర్ల దగ్గరా ఆగిపోయేది. పెద్దపేగులో గడ్డ తీయించుకుని గుంటూరు నుంచి వచ్చాక అది ఇంట్లోకి కూడా దిగింది. కంచం, గ్లాసు, చెంబు వేరుపెట్టుకున్నాడు. తనవి తానే తోముకుని వసారాలో ఓ మూల బోర్లించుకునేవాడు. మిరప కోతలు మొదలవగానే మంచం కూడా కల్లంలోకి మార్చేశాడు. ఆరబోసిన కాయకి కాపలా ఎలాగూ ఉండాలి కాబట్టి ఊళ్ళో ఎవరికీ అనుమానం రాలేదు. భార్య వెంకటరావమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఏందయ్యా నీ గోల? ఇన్నేళ్ళ కాపురంలో అంటుకోంది ఇప్పుడు అంటుకుద్దా?"

"నీకు తెలవదు, నువ్వూరుకో."

తెలియంది ఎవరికో చెప్పాలంటే ఆస్పత్రిలో జరిగిన సంగతి చెప్పాలి. ఆపరేషనయ్యాక హెలెన్ అనే డాక్టరమ్మ యలమందనీ, అతని కూతురు హారికనీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంతో ఓపిగ్గా మాట్లాడింది.

"పెద్దపేగు క్యాన్సరంటే అంతా ఒకటే కాదండీ. మీ మిరపలో రకాలున్నట్టే దీంట్లోనూ జన్యువులను బట్టి రకాలున్నాయి. కణాల్లో తప్పులు దొర్లితే సరిదిద్దే జన్యువు ఒకటుంటుంది. అది పనిచెయ్యడం మానేసిన రకం మీ గడ్డ. ఈ రకం గడ్డల్లో కొన్ని బ్యాక్టీరియాలు మిగతా రకాల్లో కంటే ఎక్కువగా కాపురం పెడుతున్నట్టు గమనిస్తున్నాం. మీ దాంట్లోనూ కనిపించాయి. మామూలుగా అవి నోట్లో ఉండేవి."

యలమంద అక్కడే ఆగిపోయాడు. నోట్లో ఉండేవి.

డాక్టరమ్మ ఆగలేదు. ఆ బ్యాక్టీరియా వచ్చి గడ్డని పెంచిందో, గడ్డే పెరిగి దానికి చోటిచ్చిందో ఇంకా తేలలేదని చెప్పింది. అది చాలామంది నోళ్ళలో ఉండేదేననీ, క్యాన్సరు ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదనీ చెప్పింది. జన్యువు లోపం పుట్టుకతో వచ్చిందేమో రక్తపరీక్షలో చూద్దామనీ, అలా అయితే పిల్లలకూ చూడాల్సి ఉంటుందనీ చెప్పింది. హారిక అన్నీ విన్నది. యలమంద తల ఊపాడు, రక్తం ఇచ్చాడు, ఆ చెప్పిందాంట్లో పిల్లలకూ చూడాలన్న మాట తప్ప ఒక్క ముక్కా చెవిన వేసుకోలేదు.

అతన్ని కోప్పడి లాభం లేదు. మీసాలు మొలిచిన నాటి నుంచి మిరప వేస్తున్నవాడు. చేలో ఒక మొక్కకి బొబ్బర తెగులు కనబడితే జాలిపడటం అతనికి అలవాటు లేదు. వేళ్ళతో సహా పీకి, పక్క మొక్కలకి తగలకుండా సంచిలో వేసుకుని, గట్టు దాటించి పూడ్చేవాడు. చేతులు కడుక్కున్నాకే ఇంకో మొక్క జోలికి పోయేవాడు. ఇప్పుడు ఆ తెగులు మొక్క తనే అనుకున్నాడు. అనుకుని, అలవాటు ప్రకారం తనని తానే పీకి గట్టున వేసుకున్నాడు.

అతని బెంగంతా హారిక గురించే. ఒక్కతే కూతురు. పళ్ళు రాకముందు నుంచీ నాన్న కంచంలోనే తిన్న పిల్ల. జామకాయ కొరికి చూసి, తియ్యటి వైపు దాని నోటికి అందించేవాడు. పెళ్ళయి పొన్నూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్నా, ఏటా పండుమిరపకాయల పచ్చడి తొక్కే రోజుకి సెలవు పెట్టి మరీ వచ్చేది. ఆ రోజు వేడన్నంలో కొత్త పచ్చడీ నెయ్యీ కలిపి ముద్దలు పెట్టడం యలమంద పని. ఇప్పుడు ఆ ముద్దలే అతనికి రోజూ గుర్తుకొచ్చేవి. బిడ్డకి ఇన్నేళ్ళూ చేతులారా విషం పెట్టానని కుమిలిపోయేవాడు.

ఈ ఏడూ హారిక వచ్చింది. పచ్చడి తొక్కడం అయ్యాక బేసిన్లో వేడన్నం, గిన్నెలో పచ్చడి, నెయ్యి పట్టుకుని కల్లానికి నడిచింది. యలమంద కాయ పోసిన టార్పాలిన్ పట్టా మీద కూర్చుని ఎర్రకాయలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. కూతుర్ని చూడగానే కాస్త వెనక్కి జరిగాడు.

"కలుపు నాన్నా."

"మీ అమ్మని కలపమను."

"అమ్మ కలిపితే నాకొద్దు. నువ్వు కలుపు."

"చెపితే వినవేందే? నా నోట్లో ఉన్న పురుగే గడ్డలో దొరికిందంట. చిన్నప్పటి నుంచీ నీకు నా ఎంగిలి తినిపించా. చేసింది చాలు."

మందుల వల్ల నీరసపడి కల్లంలో ఒంటరిగా ఉంటున్నాడని హారిక ఇన్నాళ్ళూ అనుకుంది. తనకి దూరంగా ఉండటానికే ఇదంతా అని ఊహించలేదు. బేసిన్ కింద పెట్టి పట్టా అంచున కూర్చుంది.

"అది అంటుకోదు నాన్నా. డాక్టరుగారు చెప్పేటప్పుడు నీ పక్కనే ఉన్నాగా."

"మరి పిల్లలకి కూడా చూడాలి అందిగా ఆమె? ఆ మాటొక్కటీ విన్నాలే. ఏముంటే చూడమంది?"

ఈ ప్రశ్న ఇవాళే వస్తుందని ఆమె అనుకోలేదు. పచ్చడి రోజు గడిచాక నెమ్మదిగా చెబుదామనుకుంది. ఇక దాచలేక చెప్పేసింది.

"నీ రక్తంలో ఆ జన్యువు లోపం పుట్టుకతోనే ఉందని తేలింది. అందుకని నేనూ పరీక్ష చేయించుకున్నా. నాకూ ఉంది."

యలమంద కాయలు ఏరడం ఆపేశాడు.

"నీకూ గడ్డుందా?"

"లేదు నాన్నా. గొట్టం వేసి చూశారు, పేగంతా శుభ్రంగా ఉంది. లోపం ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదు. డాక్టరు చెప్పినప్పుడల్లా వెళ్ళి చూపించుకోవాలి. చిన్న బుడిపె కనబడితే అప్పుడే తీసేస్తారు."

ఈ మాటలన్నీ బ్యాంకులో డిపాజిట్ల సంగతి చెప్పినంత తాపీగా చెప్పింది. యలమంద గుండె మీంచి ఒక బరువు దిగింది. దిగినంత సేపు పట్టలేదు, అంతకంటే పెద్దది వచ్చి కూర్చోవడానికి.

"అయితే నేనిచ్చిందేగా తల్లీ."

"నీకు తెలిసి ఇచ్చావా? నేను పుట్టకముందే వచ్చేసింది. కంచాలు వేరుపెట్టుకుంటే ఆగేదా అది? నువ్వు పెట్టిన ముద్దల్లో ఏ తప్పూ లేదు నాన్నా."

యలమంద కూతురి ముఖంలోకి చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ముఖాన్ని అంత సేపు చూడటం అదే మొదలు. కళ్ళ కింద నలుపు కనిపించింది. చిక్కింది కూడా.

"భయమేస్తుందా అమ్మా?"

ఆ మాట ఆమెని ఎవరూ అడగలేదు. భర్త ధైర్యం చెప్పాడు, డాక్టరమ్మ ధైర్యం చెప్పింది, తనకి తనే రోజూ చెప్పుకుంటోంది. హారిక ఏదో నవ్వబోయింది. పెదవులు మాట వినలేదు.

"బాగా భయమేస్తుంది నాన్నా."

అంతే, చిన్నపిల్లలా ఏడ్చేసింది. తెగులూ, పురుగూ, నోరూ అన్నీ మరిచిపోయి యలమంద ఒక్క ఊపున ముందుకొచ్చాడు. రెండు చేతులతో కూతురి కళ్ళు తుడిచాడు.

"నాన్నా, కళ్ళు!"

పొద్దుటి నుంచీ ఎండుకాయ ఏరిన చేతులు. కల్లంలోకి కొత్తగా ఏ కూలీ వచ్చినా, కళ్ళు ముట్టుకోబాకండని ముందు చెప్పే మనిషే ఈ పని చేశాడు. "ఎంత పని చేశాను, ఎంత పని చేశాను" అంటూ లేచి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. నీళ్ళ బిందె దగ్గరికి జరిపాడు. ఎడమచేత్తో కూతురి తల పొదివి పట్టుకుని, కుడి పుడిసిట్లో నీళ్ళు తీసుకుని కళ్ళ మీద పోశాడు. ఆమె తల అతని భుజం మీద వాలింది. అతను జరగలేదు.

"తగ్గిందా?"

"లేదు."

మళ్ళీ పోశాడు. మళ్ళీ అడిగాడు. ఇంకా లేదంది. ఈసారి వంగి చూశాడు. రెప్పలు తేలిగ్గానే తెరుచుకుంటున్నాయి, నీరు కారడం ఆగింది. మిరప మంట ఎంతసేపుంటుందో అతనికి ఒకరు చెప్పాలా?

"ఇప్పుడు తగ్గిందా అమ్మా?"

"ఇంకా లేదు నాన్నా."

"సరేలే" అని యలమంద ఇంకో పుడిసెడు నీళ్ళు తీసుకున్నాడు.