చొక్కా చేతికి పట్టిన చీమలు

చిలక్కొయ్యకు తగిలించిన మొగుడి చొక్కాకి చీమలు పట్టాయి. అదీ కుడిచేతి అంచుకి మాత్రమే. వర్సియెమ్ ఆ చొక్కాని కిటికీ దగ్గరికి తెచ్చి వాసన చూసింది. చెమట వాసన, దాని వెనక ఇంకేదో. నాలుక చివర అద్దుకుంది. తీపి!

ఆ తీపికి భయం పట్టుకుంది. పట్టదా మరి? వానలకి ముందు మొగుడు దర్మాజీ కాలి బొటనవేలికి రాయి గీసుకుంది. గోరంత పుండు. వానలొచ్చాయి, నాట్లయ్యాయి, పుండు మాత్రం మానలేదు. పట్నం ఆస్పత్రిలో రక్తం చూసి షుగరన్నారు. తిండి మార్చుకుని రోజూ నడిస్తే సరే, లేకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

ఆ రోజే చక్కెర డబ్బా వర్సియెమ్ మంచం కిందికి పోయింది. ఎవరైనా వస్తే తప్ప బయటికి తీసేది కాదు. రాత్రిళ్ళు అన్నం మానిపించి ఆకుకూర, పులియబెట్టిన సోయా గింజల టెంపే కాస్త పెట్టింది. దర్మాజీ కూడా బుద్ధిగానే ఉన్నాడు. తెల్లవారి నమాజు కాగానే చెప్పులేసుకుని నడకకి బయల్దేరేవాడు. వాన పడితే గొడుగేసుకుని మరీ వెళ్ళేవాడు. ఇంత చేసినా మొన్న ఆస్పత్రికి వెళ్తే షుగరు వీసమెత్తు తగ్గలేదు. డాక్టరు ఆయన్ని వదిలేసి కళ్ళజోడు పైనుంచి వర్సియెమ్‌ని చూశాడు. "ఎవరో చాటుగా తీపి పెడుతున్నారమ్మా. వచ్చేసారి కూడా ఇలాగే ఉంటే వేలు దక్కదు," అన్నాడు. ఆ చూపు చూస్తే ఆ ఎవరో తనే అన్నట్టుంది.

ఇప్పుడు ఈ చీమలు.

"పక్నే," అంది. పిల్లల తండ్రీ అన్నట్టు, జావాలో పెళ్ళాలందరూ మొగుణ్ణి అలాగే పిలుస్తారు. "పొద్దున ఎక్కడెక్కడ తిరిగొచ్చారు?"

"ఎక్కడికెళ్తాను? వడ్లమిల్లు దాకా నడిచొచ్చాను."

"మిల్లు దాకా వెళ్ళి రావడానికి ఇంతసేపా? మన మేకపిల్లని వదిలినా ఈపాటికి తిరిగొచ్చి నిద్రపోయేది."

"వేలు నొప్పి కదే. మెల్లిగా నడుస్తాను."

"మరి చొక్కాకి చీమలెందుకు పట్టాయి?"

"చీమల్నే అడుగు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అడిగినదానికి గోడకి తిరిగే మగవాణ్ణి నమ్మేదెలా? మిల్లుదారిలోనే పైనా అనే ఆవిడ ఇల్లుంది. మొగుడు పోయిన మనిషి. మూలికలు నూరి కషాయాలు కాచి, సీసాల బుట్ట వీపుకి కట్టుకుని ఊరంతా తిరిగి అమ్ముతుంది. నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. ఆ సొట్ట గుర్తుకొచ్చి వర్సియెమ్‌కి ఒళ్ళు మండింది. చొక్కాకి ఆమె కషాయాల పచ్చి పసుపు వాసన కూడా ఉందేమోనని మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. లేదనుకుంటే లేదు, ఉందనుకుంటే ఉంది.

మర్నాడు ఆయన గేటు దాటగానే ముసుగు ముందుకి లాక్కుని, అరటిచెట్ల చాటున వెనకాలే నడిచింది.

"పాక్ గురూ! రండి, కాస్త కూర్చుని వెళ్ళండి!" మొదటి ఇంటి అరుగు మీంచి పిలుపు.

రండి కూర్చోండి అనే మాట ఆ ఊళ్ళో అందరూ అందరితో అనేదే. నవ్వి, ఇంకోసారి వస్తానని సాగిపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ దర్మాజీ ఆ వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించిన పంతులు, వాళ్ళ పాక్ గురు. ఆయన్ని మాటవరసకి పిలిచి ఊరుకోరు, చెయ్యి పట్టుకుని కూర్చోబెడతారు. మూత పెట్టిన గ్లాసులో టీ వచ్చింది, నల్లగా, చిక్కగా, పొగలు కక్కుతూ. జావా ఇళ్ళలో పెద్దమనిషికి తీపి తక్కువ టీ ఇస్తే మర్యాద తక్కువ చేసినట్టే. పెట్టింది తాగకుండా లేస్తే పెట్టినవాళ్ళ మొహాన కొట్టినట్టే. ఆయన తాగాడు. మూత తియ్యడంలో చొక్కా కుడిచేతి అంచు మీద చుక్కలు పడ్డాయి.

తర్వాతి గేటులోనూ అదే వరస. ఆ తర్వాత గేటులోనూ అంతే. తను మంచం కింద దాచిన తీపి వీధి పొడుగునా ఆయన కోసం కాచుకుని కూర్చుంది!

పైనా ఇంటి ముందు ఆయన ఆగాడు. వర్సియెమ్ అరటాకు పక్కకి తప్పించి చూసింది. పైనా ఒక గిన్నె అందించింది. ఆయన తాగి, మొహం చిట్లించి, కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంతకన్నా చేదు దొరకలేదా తల్లీ?"

"ఆ పుండు మానేదాకా తేనె చుక్క కూడా వెయ్యను పాక్ గురూ. అడుగున మిగిల్చారు, అదీ తాగండి."

పైనా నవ్వింది. ఆ సొట్ట వర్సియెమ్‌కి ఎప్పుడూ అంత ముద్దుగా కనబడలేదు.

మిల్లు పక్కిల్లు కర్తోనోది. ఆయన భార్య సుకేసీ గ్లాసు తెచ్చి దర్మాజీ ముందు పెట్టిందో లేదో, వర్సియెమ్ అరటిచెట్ల చాటునుంచి ఊడిపడింది.

"ముట్టుకోకండి! సుకేసీ, నా మొగుడి వేలు కోయించాలనేనా నీ ఎత్తు?"

"అయ్యో అక్కా, ఏమిటా మాటలు? ఏ వేలు?"

"ఈయనకి షుగరు! ఆ టీలో ఎంత చక్కెర గుమ్మరించావు?"

దర్మాజీ తల దించుకున్నాడు. "అంత ప్రేమగా ఇస్తుంటే వద్దని ఎలా అననే," అని గొణిగాడు.

సుకేసీ నడుం మీద చెయ్యి వేసుకుంది. "షుగరని మాతో ఒక్క ముక్క చెప్పారా? సరే, నేనూ అడుగుతా చెప్పు. మా ఆయన రోజూ సాయంత్రం మీ అరుగు మీదికి చదరంగానికొస్తాడు. ఏమిస్తున్నావు?"

"టీ."

"చక్కెర?"

"ఇంటికొచ్చిన మనిషికి వెయ్యనా మరి? నిండుగానే వేస్తాను."

"ఆయనకీ షుగరే అక్కా! డబ్బాకి తాళం వేసి, తాళంచెవి నడుముకి దోపుకుని తిరుగుతున్నా. అయినా ఎక్కడ ఎక్కుతోందో తెలియక చస్తున్నా. పాపం, ఆ పైనా మీద కూడా అనుమానపడ్డాను!"

"నువ్వూనా?" అంది వర్సియెమ్.

ఆ సాయంత్రం కర్తోనో వచ్చి చదరంగం బల్ల పరిచాడు. వర్సియెమ్ పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడిపోయింది. చక్కెర లేని టీ పరాయి మనిషి ముందు పెట్టడం బుద్ధెరిగాక ఇదే మొదలు. చిరిగిన చాప వేసి కూర్చోమన్నట్టు సిగ్గేసింది. అయినా రెండు గ్లాసులూ తెచ్చి పెట్టింది. కర్తోనో ఓ గుక్క తాగి ఆగాడు. దర్మాజీ వేలికున్న కట్టు వైపు చూశాడు.

"టీ బాగుందక్కా," అన్నాడు. మొహంలో మాత్రం బాగున్న గుర్తేమీ లేదు. గ్లాసు ఖాళీ చేశాడు. మర్నాడు కూడా వచ్చాడు.

వీధిలో ఆ గేట్లు ఇంకా పిలుస్తూనే ఉన్నాయి, ఆయన కూర్చుంటూనే ఉన్నాడు. సుకేసీ ఇంటి ముందు జరిగిన రగడ వీధంతా పాకింది కాబట్టి, వచ్చేది మాత్రం చక్కెర లేని ఉత్త టీ. ఒక పూట నడక మానేశాడా, ఏమైంది పాక్ గురూ అంటూ గేటు దగ్గరికి ఎవరో ఒకరు వచ్చేస్తారు. ఇక బద్ధకించడానికి దారేదీ? వానలు వెనకబట్టేసరికి పుండు పక్కు కట్టి, ఆ పక్కు రాలి మానిపోయింది. డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి వర్సియెమ్‌ని కళ్ళజోడు పైనుంచి చూడలేదు.

"ఇకనైనా నన్ను నమ్ముతావా?" అన్నాడు దర్మాజీ దారిలో.

"ఎందుకు నమ్మను?" అంది వర్సియెమ్.

అంది కానీ, ఈ రోజుకీ ఆయన విప్పిన చొక్కాని వెంటనే నీళ్ళలో వెయ్యదు. చీమలు తిరిగే గోడవార కాసేపు పరిచి, పక్కనే పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ కూర్చుంటుంది.