తీసేసిన గీతలు

నాన్న అరబ్బీ పంతులు. ఆయన రాసిన పాఠాల పుస్తకాన్ని తోటి పంతులొకడు తన పేరుతో అచ్చేసుకున్నాక నాన్నకు మనుషుల మీద నమ్మకం పోయింది. అందుకే ఇరవై రెండేళ్లు కూర్చుని తయారుచేసిన నిఘంటువును కంప్యూటర్లో పెట్టి తాళం వేశాడు. తాళంచెవిని మూడు ముక్కలు చేసి, పిల్లలం ముగ్గురికీ ఇచ్చిన మూడు అరబ్బీ ఉత్తరాల్లో దాచాడు. ఏ రెండు ముక్కలు కలిసినా చాలు, తెరుచుకుంటుంది. ఈ సంగతి, ఆయన పోయిన నెలకి, ఆయన శిష్యుడైన కంప్యూటర్ మేష్టారు చెబితే గానీ మాకు తెలియలేదు.

"అరబ్బీలో అక్షరాల్ని కలిపే గీతని సాగదీయొచ్చు కదమ్మా. సాగితే ఒకటి, సాగకపోతే సున్నా. ఆ అంకెల వరసే తాళంచెవి ముక్క. చూసేవాళ్లు అందం కోసమనుకుంటారు," అన్నారు మేష్టారు.

నేను ప్రెస్సులో తెలుగు, అరబ్బీ ప్రూఫులు దిద్దుతాను. ఆస్పత్రికి వెళ్లేముందు నాన్న నా ఉత్తరాన్ని పెన్‌డ్రైవులో ఇచ్చి, "తప్పులుంటే చూడమ్మా," అన్నాడు. జన్మలో తన రాత నన్ను ముట్టుకోనివ్వని మనిషి అడిగాడు కదా అని మురిసిపోయాను. గీతలు ఎక్కడ పడితే అక్కడ సాగి ఉన్నాయి. ఒక్కటి మిగల్చకుండా తీసేసి సేవ్ చేశాను.

ఇక మిగిలింది అన్నయ్య ముక్క, చెల్లి ముక్క. వాళ్లకి ఆరేళ్లుగా మాటల్లేవు. స్కూటర్ అద్దం ఎవరు పగలగొట్టారన్నది గొడవ. స్కూటర్ ఎప్పుడో అమ్మేశారు, గొడవ మాత్రం ఉంచుకున్నారు.

ఫోన్లో పంపమని బతిమాలాను.

"నా ముక్క దాని చేతికి చిక్కిందంటే ఊరుకోను," అన్నాడు అన్నయ్య.

"వాడి చేతికి నాది ఇస్తానా? నేనే వచ్చి దగ్గరుండి చూస్తా," అంది చెల్లి.

అలా ఒకరినొకరు కాపలా కాయడానికి ఇద్దరూ ఆదివారం దిగారు. నాన్న గదిలో కూర్చోడానికి ఉన్నది ఒక్కటే బల్ల. మధ్యలో మూర దూరం వదిలి దానిమీదే కూర్చున్నారు. మేష్టారు రెండు ఉత్తరాలూ కంప్యూటరుకి ఎక్కించారు. నిఘంటువు తెరుచుకుంది. మొదటి పేజీలో నాన్న తెలుగులో రాశాడు:

"రెండోదాన్ని తిట్టకండి. అది దిద్దేస్తుందని తెలిసే ఇచ్చాను. మీరిద్దరూ ఒక్కచోట కూర్చోడానికి నాకు వేరే దారి దొరకలేదు."

అన్నయ్య చెల్లి వైపు తిరిగి, "అద్దం నేనే," అన్నాడు. "తెలుసులే," అంది చెల్లి.

నాకు ఏడుపు ఆగలేదు. నాన్న రాసిన చివరి వాక్యంలో రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కువైంది. అలాగే వదిలేశాను.