అరుగు మీద విల్సన్ నీడ

పామర్రు సెంటర్లో టీ తాగేవాళ్లకి ఆ నెలంతా ఒకటే మాట: విల్సన్‌ని తీసెయ్యాలి. బందర్లో జరుగుతున్న కబడ్డీ లీగులో దివిసీమ జట్టు సెమీస్‌కి వెళ్లాలంటే ఆఖరి మ్యాచ్ గెలిచి తీరాలి. ఆ జట్టుకి ఆయువుపట్టు కోడూరు కుర్రాడు విల్సన్. అలాంటివాడు ఈమధ్య కూతకెళ్లిన ప్రతిసారీ దొరికిపోతున్నాడు.

"వాడు కూతకెళ్తున్నాడా, పెళ్లి పిలుపులకెళ్తున్నాడా?" అన్నాడొకాయన.

స్కూలుకి వెళ్తున్న భానుమతి ఆ మాట విని స్కూటర్ ఆపింది. హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు. దివిసీమ ఆడే మ్యాచ్ ఒక్కటీ వదలదు.

"నిరుడు గుడివాడ మీద గెలిపిస్తే భుజాలమీద ఊరేగించింది మీరే కదండీ? నాలుగు మ్యాచ్‌లు సరిగ్గా ఆడకపోతే పనికిరాకుండా పోయాడా? విల్సన్ ఉంటే చాలు, సెమీస్ మనదే!"

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అరుగు మీద విల్సన్ నీడ కూర్చునుంది.

"మధ్యాహ్నమే వచ్చిందండీ," అంది పక్కింటి సుమతి. "మంచినీళ్లిద్దామంటే ఎలా ఇవ్వాలో తెలీలేదు."

ఆట సాగని రోజుల్లో ఆటగాళ్ల నీడలు అలిగి ఎటో పోవడం ఆ వైపు మామూలే. కిందటేడు ఒకడి నీడ అత్తారింట్లో వారం ఉండొచ్చింది. కానీ చుట్టం కాదు, పక్కం కాదు, ఇది తన దగ్గరికెందుకొచ్చినట్టు? భానుమతి లైటు వేసి చూసింది, ఆర్పి చూసింది. టార్చి ఎటు తిప్పినా నీడ జరగలేదు. కాసేపటికి అదే లేచి అరుగు ఆ చివరికి నడిచింది. కుడికాలు ఈడుస్తోంది.

విల్సన్ కుంటడం ఆమె ఎన్నడూ చూడలేదు.

మర్నాడు ఆఖరి మ్యాచ్‌కి ముందే స్కూటర్ మీద బందరు బయల్దేరింది. నీడ వెనకసీట్లో సర్దుక్కూర్చుంది.

గ్రౌండు పక్కన విల్సన్ ఒంటరిగా దొరికాడు.

"మోకాలు ఎన్నాళ్లనుంచి నెప్పి?"

"ఏం లేదండీ మేడం," అంటూ అతను నీడ వంక చూశాడు. అది కుంటుకుంటూ వస్తోంది. విల్సన్ తల దించుకున్నాడు. "నెలైందండీ. జట్టు గట్టెక్కాక చెబుదామనుకున్నా. విల్సన్ ఉంటే చాలని మీరు అందరితో పోట్లాడుతున్నారంట. మరి నేనెలా కూర్చోనండీ?"

భానుమతికి అప్పుడర్థమైంది. తిట్టినవాళ్లని అతను లెక్కచెయ్యలేదు. తను వెనకేసుకొచ్చిన మాటే అతన్ని ఆడిస్తోంది. తిన్నగా కోచ్ పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్లింది.

"నిన్నటిదాకా ఆడించమన్నది మీరే కదమ్మా! ఇవాళ వద్దంటారేంటి?"

"ఇది కూడా వాడి తరఫునేనండీ. ఆ మోకాలు ఒకసారి చూడండి."

ఆయన చూశాడు. విల్సన్‌ని కూర్చోబెట్టి, అతని బదులు శశాంక్ అనే కుర్రాణ్ణి దింపాడు. ఆఖరి కూతలో శశాంక్ వేళ్లు గీతకి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. దివిసీమ ఓడింది. కోచ్ చెవి కొరికింది భానుమతేనని తెలిసి సెంటర్లో చాలామంది ఆమెని చూసి మొహం తిప్పుకున్నారు.

మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇంకొక్క మెలిక పడుంటే విల్సన్ జన్మలో పరిగెత్తేవాడు కాదన్నాడు. విల్సన్ మంచం దిగి గోడ పట్టుకుని నిలబడ్డ రోజున నీడ వచ్చి అతని పాదాల్ని అంటుకుంది.

వానాకాలంలో ఒకరోజు విల్సన్ ఎండురొయ్యల పొట్లంతో పామర్రులో దిగాడు. తిరిగి పంపించడానికి భానుమతి బస్టాండు దాకా వచ్చింది. వచ్చే సీజన్లో ఎవరెవరు ఆడతారో ఇద్దరూ మాట్లాడుకుంటుండగానే అవనిగడ్డ బస్సు కదిలింది.

"ఉంటానండీ!" అంటూ విల్సన్ నీటిగుంటలు దాటుకుంటూ పరిగెత్తి, ఒక్క గెంతులో ఫుట్‌బోర్డు అందుకున్నాడు. అప్పుడు చూసుకున్నాడు, తను పరిగెత్తానని. కడ్డీ పట్టుకుని ఆమె వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వాడు.