డాల్డా డబ్బాలో కలబంద

పెళ్లయి నాలుగో నెల నడుస్తున్నా, కుప్పంలో మా అద్దె ఇంటి తాళంచెవి నా కొంగుకే ఉందని గుర్తొస్తే ఇంకా నవ్వొస్తుంది. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వసారా. బెంగుళూరు రైలు వెళ్తుంటే గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగుతాయి. ఆ మోత వినడానికి మేమిద్దరం మాటలాపేస్తాం. మదనపల్లెలో బీఎస్సీ చదివినదాన్ని గ్లాసుల మోతకు ఇంత మురిసిపోతున్నానని కాలేజీ స్నేహితురాళ్లకు చెబితే నమ్మరు.

కాపురానికి పుంగనూరు నుంచి బయల్దేరిన రోజు మా ఆయన గంగాధరం బల్ల ఎక్కి, తలవాకిట తలకిందులుగా వేలాడుతున్న కలబందను దించాడు. ఇంటికి దిష్టి తగలకుండా మా అత్తగారు మునిలక్ష్మమ్మ కట్టింది అది. ఆవిడ పోయి ఏడాది దాటింది. మట్టి లేదు, నీళ్లు లేవు. గాలి తిని బతికేస్తోంది.

"నాయనా, దీన్ని మేం తీసుకుపోతాం."

మామ వెంకటరమణప్ప ఖాళీ అయిన మేకు వైపు కాసేపు చూశాడు. "తీసుకుపోండప్పా. కొత్త కాపురం, మీకే గావాల" అన్నాడు.

మా వాకిలికి కట్టాల్సిన దాన్ని కట్టలేకపోయాం. నాకు జాలేసింది. కాళ్లు పైకి, తల కిందికి, ఎన్నాళ్లిలా? "పాపం, నేల మీద నిలబడే యోగం దీనికి లేదా?" అన్నాను. నేనేదన్నా అంటే చాలు, చేసేయాలని ఉంటుంది ఆయనకు. డాల్డా డబ్బా కడిగి మట్టి నింపాడు. మొక్క మొదలుకు పొగచూరిన గుడ్డపేలిక కట్టి ఉంది. ముడి ఎంతకీ రాలేదు. బ్లేడుతో కోసేశాడు. ఆ పేలికను నేను వసారా పక్కనున్న నీళ్లపొయ్యిలో వేశాను. భగ్గున మండింది. ఆ పూట కట్టెలు తొందరగా అంటుకున్నాయని కూడా సంతోషపడ్డాను.

మధ్యలోంచి కొత్త ఆకు తొంగిచూసిన రోజు రవ్వకేసరి చేశాను. ఆ తర్వాతే ఆకులు వాలడం మొదలుపెట్టాయి. ముందు బయటివి, తర్వాత లోపలివి, డబ్బా అంచు మీదుగా చేతులు వేలాడేసినట్టు. దాహమేమో అనుకున్నాం. ఇంకాసిని నీళ్లు పోశాం. ఇంకా వాలాయి.

అంతలో నెలాఖరుకు వస్తానని మామ కబురు పంపాడు. "మీయమ్మ కట్టింది ఎట్లుండాదో సూసి పోతాను" అన్నాడట. ఆవిడ చేతిది ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే, దాన్ని తెచ్చి మేం చంపేస్తున్నాం.

వసారాలో ఇద్దరం గొంతుక్కూర్చుని ఆకులు చూస్తుంటే ఇంటిగలావిడ చౌడమ్మ బిందె చంకనేసుకుని ఆగింది.

"ఏం పాపా, సెట్టుకు జొరమా?"

"ఎండిపోతోందక్కా."

"ఎండేదెట్ల? పొద్దున మీయాయన చెంబు తెస్తాడు, మాపటేల నువ్వు తెస్తావు. కొత్త పెండ్లి మీకా, ఆ సెట్టుకా?"

నేను ఆయన వైపు తిరిగాను. "మీరు పోస్తున్నారా?"

"నువ్వు లేచేలోపు పోస్తాండా. నువ్వు సూసి మెచ్చుకుంటావని." కాస్త ఆగి, "నువ్వు గూడానా?" అన్నాడు.

"మీరు ఆఫీసు నుంచి వచ్చి మెచ్చుకుంటారని."

చౌడమ్మ నవ్వి నవ్వి బిందె దించేసింది. మాకు నవ్వు రాలేదు.

అప్పుడు ఆకును చేత్తో పట్టుకుని చూశాను. దాహంతో ఉంటే కలబంద ఆకు పలచబడి, ముడతలు పడి లోపలికి వంగుతుంది. ఇది ఉబ్బి ఉంది. ఉడికిన వంకాయలా మెత్తగా, మొదట్లో గాజులా పారదర్శకంగా ఉంది. వేలు పెడితే దిగిపోయింది. కుళ్లు వాసన. డబ్బా ఎత్తితే రాయిలా బరువు. అడుగున చిల్లు ఒక్కటీ లేదు! పోసిన నీళ్లన్నీ లోపలే ఉన్నాయి.

డబ్బా బోర్లించాం. వేర్లు నల్లగా చేతికంటుకున్నాయి. కుళ్లిన ఆకులన్నీ తీసేసి, మొదలును కత్తితో కొంచెం కొంచెంగా కోస్తూ పోయాను. లోపల తెల్లగా, గట్టిగా తగిలేదాకా. మిగిలింది నా అరచేయంత. కోసిన చోట బూడిద అద్ది నీడన పెట్టాం. వారం దాటి ఆ గాయం ఎండి బెండులా అయ్యాక, చిల్లున్న మట్టికుండీలో పెంకుముక్కలు వేసి, సగానికి పైగా ఇసక కలిపి నాటాను. నీళ్లు మాత్రం పోయలేదు. చెంబు వసారాలోకి తెస్తే ఒట్టేనని ఇద్దరం చేతిలో చెయ్యి వేసుకున్నాం.

మామ పలమనేరులో బస్సు మారి, సంచి నిండా టమోటాలతో దిగాడు. చెప్పులు విడుస్తూ తలెత్తి గుమ్మం పైకి చూశాడు. అక్కడేం లేదు.

నేనే కుండీ చూపించాను. నీళ్లు పోసి కుళ్లబెట్టిన సంగతంతా చెప్పాను. ఆయన కిందికి వంగి ఆకును నొక్కి చూశాడు.

"గట్టిగానే ఉండాదే! దీనికా ఇంత భయపడినారు? కలబందకేమమ్మా, గట్ల మీద యాడ సూసినా అదే."

గుండె మీంచి బండ దిగినట్టయింది. కాఫీకి నీళ్లు పెట్టడానికి లేచాను.

"ఆ కట్టిన గుడ్డ యాడ పెట్టినావప్పా?" అన్నాడు మామ.

గంగాధరం నా వైపు తిరిగాడు.

"మీయమ్మ నీలం చీర అంచు అది. ఆ పొద్దు తాడు దొరక్కపోతే కట్టుకున్న చీర అంచే సింపింది. తానెక్కిన పీట గట్టిగా పట్టుకోమనింది నన్ను. తక్కిన చీరలన్నీ మీ పెద్దమ్మోళ్లు పంచుకుండిరి గదా. అది మటుకు ఆడనే ఉండాదిలే అనుకుంటిని."

"కోసేస్తిని నాయనా" అన్నాడు గంగాధరం. పొయ్యి సంగతి నేను చెప్పాను.

"పోనీ పాపా. నీకేం తెలుసు" అన్నాడు మామ.

కాఫీ తాగాక గంగాధరం కొబ్బరితాడు తెచ్చాడు. "మళ్లా కడదాం నాయనా, అమ్మ కట్టినట్టే."

మామ తాడు అందుకున్నాడు. పక్కనున్న టమోటాల సంచి మూతికి చుట్టి ముడి వేసి చూశాడు. విప్పాడు. ఇంకోలా వేశాడు. అదీ విప్పాడు.

"ఇట్ల గాదు. లాగేకొద్దీ బిగుస్తా ఉన్నింది ఆమె ముడి. నేను పీట సూస్తా ఉంటి గానీ తలెత్తి సూడకపోతిని."

తాడు చుట్టి గూట్లో పెట్టి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

ఇవాళ పొద్దున కుండీలో నడిమి ఆకు నిటారుగా లేచింది. రైలు కూత పెట్టింది, గ్లాసులు మోగాయి. చిన్న సంతోషానికైనా ఆయన్ని కేకేసి పిలిచేదాన్ని. ఈసారి పిలవలేదు. వెనక్కి తిరిగితే ఆయన అప్పటికే గడపలో నిలబడి ఉన్నాడు. ఆయన చూస్తున్నది ఆకును కాదు, నీళ్లపొయ్యిని.